నీలం డ్రమ్ము చుట్టూ

మా అక్క కూతురి కాలి కట్టు విప్పిన మర్నాడే దేశానికి లాక్‌డౌన్ తాళం పడింది. ఈ రెండింటికీ సంబంధం ఉందని మా అమ్మ ఇప్పటికీ నమ్ముతుంది. మంగళవారం పూట కట్టు విప్పొద్దని తాను ముందే చెప్పిందట.

కాలు ఎలా విరిగిందో మా ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. అమ్మ కథలో ఎవరిదో దిష్టి ఉంది. అక్క కథలో నేను కొనిచ్చిన జారుడు చెప్పులు ఉన్నాయి. నిజానికి జరిగింది చాలా చిన్నది. ఏడేళ్ల పిల్ల దివాన్ మీంచి తమ్ముడి మీదికి దూకబోయింది, తమ్ముడు పక్కకు జరిగాడు. ఆ ఐదేళ్లవాడు అప్పటిదాకా సమయానికి చేసిన పని అదొక్కటే.

ఉప్పల్‌లో ఎముకల డాక్టరమ్మ కట్టు విప్పి, సన్నబడిపోయిన ఎడమ కాలిని అటూ ఇటూ వంచి చూసింది. "ఎముక బాగా అతుక్కుంది. దానితో భయం లేదు, భయమంతా అలవాటుతోనే. ఇన్నాళ్లూ ఒక్క కాలితో గడిపింది కదా, ఇప్పుడు రెండోది వాడమంటే వాడదు. మీరే వాడించాలి. గ్రౌండ్‌కి తీసుకెళ్లండి, పరుగెత్తనివ్వండి. ఊరుకుంటే కుంటడమే నడకైపోతుంది" అంది.

గ్రౌండ్ అంది ఆవిడ. మర్నాటి నుంచి పాల ప్యాకెట్ కోసం సందు చివరిదాకా పోవాలన్నా పోలీసాయనకు సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది.

అప్పుడు నేను నాచారంలో అక్కావాళ్లింట్లోనే ఉంటున్నాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది గానీ, ఎప్పుడొచ్చి చేరాలో వాళ్లు చెప్పలేదు. ఖాళీగా ఉన్న మనిషి ఇంట్లో ఉంటే జనం ఊరుకోరు. "మేనమామవు గదరా, నువ్వే సూసుకో" అని అక్క తేల్చేసింది. మా దిక్కు మేనమామ పని చెవులు కుట్టేటప్పుడు పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకోవడం. ఆ పని ఎప్పుడో అయిపోయింది. కాళ్లు కూడా నా కిందికే వస్తాయని నాకెవరూ చెప్పలేదు.

మాది మొదటి అంతస్తు పోర్షన్. హాలు, ఒక పడకగది, వంటగది. కింద ఇంటి ఓనరాంటీ ఉంటుంది. బావది మందుల కంపెనీలో నైట్ షిఫ్టు. దేశమంతా ఆగినా మందుల తయారీ ఆగదు కాబట్టి ఆయన డ్యూటీ ఆగలేదు. పొద్దున్నే వచ్చి, బట్టలు బయటే నానబెట్టి, స్నానం చేసి పడుకునేవాడు. మధ్యాహ్నం దాటేవరకు ఇల్లు పరీక్ష హాలులా ఉండేది. మా కుక్కర్ కూడా విజిల్ వేసే ముందు ఒకసారి ఆలోచించుకునేది. ఆ నిశ్శబ్దంలో పిల్లల్ని కదలకుండా ఉంచడానికి మాకున్న ఒకే ఒక్క మార్గం ఫోను. అంటే, ఒకవైపు పిల్ల కదలాలని డాక్టరమ్మ, ఇంకోవైపు కదలొద్దని బావ నిద్ర. మధ్యలో నేను.

దానికి తోడు మా అమ్మ. మనవరాలి కట్టు విప్పుతున్నారని జనగామ దగ్గరి ఊరి నుంచి నాలుగు రోజులుండి పోదామని వచ్చి, బస్సులు బందయ్యి ఇరుక్కుపోయింది. మనవరాలు లేచి నిలబడితే చాలు, అమ్మ కళ్లనిండా నీళ్లు.

"నా బిడ్డ కాలు సూడున్రి, ఎండిన కట్టె లెక్క అయిపాయె. నడువకు బిడ్డ, నొప్పి లేస్తది. ఏం గావాల్నో చెప్పు, నేను తెస్త."

బిడ్డకు ఏం కావాలో చెప్పడం బాగా వచ్చు. నీళ్లు, రిమోట్, బిస్కెట్లు, ఫ్యాను కొంచెం తక్కువ, ఫ్యాను కొంచెం ఎక్కువ. బాత్రూమ్‌కి అక్క ఎత్తుకెళ్లేది, తిరిగి అమ్మ ఎత్తుకొచ్చేది. మా ఇంట్లో ప్రేమంటే ఎత్తుకోవడమే. ఇంటిల్లిపాదికీ వ్యాయామం అవుతోంది, పిల్లకు తప్ప.

"అమ్మా, డాక్టర్ నడిపియ్యమన్నది."

"డాక్టరమ్మకేం రా, ఆమె కాలా?"

నేను ఆరంభశూరుణ్ని కాబట్టి వెంటనే రంగంలోకి దిగాను. టీవీలో పిల్లల ఎక్సర్‌సైజ్ వీడియో సౌండ్ లేకుండా పెట్టాను. అందులో ఎవరో తెల్లపిల్ల నవ్వు చెదరకుండా ఎగురుతోంది. మా చిన్నోడు దాన్ని చూసి, ఆమె కన్నా రెట్టింపు ఎగిరి, టీపాయ్ మీది ఫ్లవర్ వాజును అమర్చిన చోటి నుంచి శాశ్వతంగా తప్పించాడు. పెద్దది మాత్రం దివాన్ మీద కూర్చుని ఇద్దరికీ మార్కులు వేసింది. నాకు పదికి మూడు. పడకగదిలోంచి బావ గొంతు వచ్చింది: "బామ్మర్దీ, నాకు నిద్ర గావాలె. నీకేం గావాలె?"

కొన్నాళ్లకు ఇద్దరి తీరూ మారింది. చిన్నోడు చీకటి పడ్డా పడుకోడు, పడుకున్నా కాళ్లాడిస్తాడు. పెద్దదానికి అన్నం సహించదు, పొద్దున లేవడానికి బద్ధకం, లేస్తే చిరాకు. నడిచినప్పుడు ఎడమ కాలు నేలకు తాకీ తాకనట్టు ఆనించి, గోడ పట్టుకుని గబుక్కున కుడి కాలి మీదికి వాలిపోయేది. ఎవరో ఒకరు వెంటనే ఎత్తుకునేవారు. బావ చేస్తున్న పని ఆపి చూసేవాడు. తన డబ్బా తీసుకుని డ్యూటీకి పోయేవాడు. ఆ చూపు చూశాక, ఇది నవ్వులాటగా వదిలేసేది కాదని నాకు అర్థమైంది.

ఇక మిగిలింది టెర్రస్. అది ఓనరాంటీ రాజ్యం. ఆవిడది గుంటూరు దిక్కు, భర్త పెద్ద సర్కారు ల్యాబులో చేసి రిటైరైతే ఇక్కడే స్థిరపడ్డారు. ఎండాకాలమంతా పైన మిరపకాయలు, వడియాలు, చింతపండు. కాలు పెట్టాలంటే అనుమతి కావాలి.

"సాయంత్రం నేను అన్నీ తీసేశాక తీసుకెళ్లు బాబూ. కానీ పిల్లల్ని పిట్టగోడ దగ్గరికి పోనివ్వకు. ఆ డ్రమ్ము మూత కూడా తియ్యనివ్వకు" అంది. నీళ్లు రాని రోజులకని నింపిపెట్టిన పెద్ద నీలం డ్రమ్ము టెర్రస్ నడుమ కాపలా కాస్తున్నట్టు ఉండేది.

సాయంత్రం పైకెళ్లి, కాలుతున్న గచ్చు మీద నాలుగు బకెట్ల నీళ్లు గుమ్మరించాను. పొగ లేని ఫ్యాక్టరీ గొట్టాలు, దూరంగా స్టేడియం లైటు స్తంభాలు, ప్రతి డాబా మీదా మాలాగే పిల్లల్ని ఎండబెడుతున్న జనం. చాక్‌పీస్‌తో తొక్కుడుబిళ్ల గళ్లు గీశాను. పగిలిన టైల్ ముక్క బిళ్ల. నా చిన్నప్పుడు అక్క నన్ను ఆడనివ్వని ఆట, కాబట్టి నియమాలన్నీ బాగా గుర్తున్నాయి.

పెద్దదాని కళ్లు వెలిగాయి. గళ్లు చూసింది, బిళ్ల చూసింది, తమ్ముడు తప్పుగా వేయడం చూసింది. తప్పు చూశాక తట్టుకోవడం దాని వల్ల కాదు. లేచి వచ్చి బిళ్ల లాక్కుని, గెంతింది.

గెంతింది! అమ్మ కొంగు నోట్లో పెట్టుకుంది. అక్క ఫోను తీసింది. ఆ రోజు నుంచి సాయంత్రమైతే చాలు, పెద్దది మమ్మల్ని మెట్లెక్కించేది. గడి మీద గడి, గీత తొక్కకుండా, బిళ్లను కాలి అంచుతో తన్నుకుంటూ పోయేది. పక్క డాబా వాళ్లు కూడా చూసేవారు. వీడియో మా కుటుంబం గ్రూపులోకెక్కింది. ఊరి నుంచి పెద్దమ్మ దండాలు పెట్టింది. బావ డ్యూటీకి పోయే ముందు నా భుజం తట్టి, "మొత్తానికి ఏదో ఒకటి చేసినవ్ రా" అన్నాడు. మా బావ భాషలో అది సన్మానం. అన్నంలో అమ్మ నాకు అడగకుండానే రెండో గంటె నెయ్యి వేసింది. నేను కూడా కొంచెం గంభీరంగా నడవడం మొదలుపెట్టాను.

ఆ గాంభీర్యంతోనే వీడియోను డాక్టరమ్మకు పంపించమని అక్కకు నేనే చెప్పాను. మెచ్చుకుంటుందని.

డాక్టరమ్మ వీడియో కాల్ చేసింది. ఇంటిల్లిపాదీ ఫోను ముందు చేరాం, ఫొటో స్టూడియోలో లాగా. బావ కూడా లేచి వచ్చాడు.

"విరిగింది ఎడమ కాలే కదమ్మా?" అంది.

"అవును మేడం" అంది అక్క.

"వీడియో మొత్తం కుడి కాలి మీదే గెంతుతోంది."

మేమందరం ఒకేసారి పిల్ల కాళ్ల వైపు చూశాం. ఒంటికాలి ఆటలో ఏ కాలు పైకెత్తుతోందో ఇంతమందిమి చూడలేదు. బిళ్లను చూశాం, గీతను చూశాం, ముఖ్యంగా మమ్మల్ని మేము చూసుకున్నాం. పిల్ల మాత్రం తెలివిగా, బాగున్న కాలిని పహిల్వాన్ కాలుగా చేసుకుంది. రెండోదాన్ని గాల్లో పెట్టి హాయిగా విశ్రాంతి ఇచ్చింది.

"ఎడమ కాలి మీద గెంతమని బలవంతం చెయ్యకండి, భయపడుతుంది. రెండు కాళ్లూ మార్చి మార్చి వేసే పని ఏదైనా పెట్టండి. ఇప్పటికే ఆలస్యమైంది, జాగ్రత్త" అని పెట్టేసింది.

అమ్మ మొదలుపెట్టింది. "అయ్యో నా బిడ్డా, నీ నసీబుల ఏమున్నదో..."

"నసీబుల ఏం లేదు, ఎడమ కాలుంది. ముందు కన్నీళ్లు తుడుసుకో, కనవడతది" అన్నాను. అమ్మ కొంగుతో నన్నే కొట్టింది. దెబ్బ తగిలింది గానీ నవ్వు ఆగలేదు. నవ్వు ఆగితే బావ మొహం చూడాలి, అది నాకు ఇష్టం లేదు.

ఆ సాయంత్రం పెద్దదాన్ని పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను. "ఎందుకే, ఆ కాలు కింద పెడ్తలెవ్వు? నొప్పా?"

అటూ ఇటూ చూసి, చెవిలో చెప్పింది. "నొప్పి లేదు మామా. ఆ కాలు నాది గాదు. దవాఖానాల మార్చిన్రు."

"ఎవలు?"

"వాళ్లే. నాది లావుగుండె. కట్టు ఇప్పినంక సన్నది ఒచ్చింది. తోలు గూడ ఊడుతుండె. గిది ఎవలిదో."

నవ్వు మింగడానికి నాకు చాలాసేపు పట్టింది. దాని ఎడమ మోకాలి మీద చిన్న మచ్చ ఉంది, సైకిల్ నేర్చుకునేటప్పుడు గేటుకు గుద్దుకున్నది. అది చూపించాను. "మార్చెటోళ్లు మచ్చ గూడ తయారు జేసి అతికిస్తరా? గంత టైమున్నదా వాళ్లకు? డాక్టరమ్మకు బయట లైన్ల ఎంతమంది ఉండిరి!"

మచ్చను వేలితో గీకి చూసింది. ఊడలేదు. "మరి నాదే అయితే, నేను జెప్పినట్టు ఎందుకు ఇంటలేదు?"

"నువ్వు మీ అమ్మ జెప్పినట్టు ఇంటవా? గంతే."

ఒప్పుకున్నట్టు తలూపింది గానీ కాలు మాత్రం కింద పెట్టలేదు.

ఆ తర్వాత కొన్ని సాయంత్రాలు ఏమీ కుదరలేదు. సైకిల్ తొక్కిద్దామంటే టెర్రస్ చిన్నది. డాన్సు అంటే చిన్నోడు ఒక్కడే చేస్తాడు, అడగకపోయినా చేస్తాడు. ఒకరోజు అమ్మ చిన్నోడికి అన్నం తినిపిస్తోంది. వాడు కూర్చుంటే తినడు, తిరిగితే తింటాడు. ముద్ద పట్టుకుని నీలం డ్రమ్ము చుట్టూ వాడి వెనక తిరిగి తిరిగి, అమ్మ విసిగి గిన్నె పక్కన పెట్టింది. వాణ్ని దారిలో పెట్టడానికి చేతికొచ్చింది చేసింది. వంగి చప్పట్లు, లేచి చప్పట్లు, ఒక అడుగు లోపలికి, ఒక అడుగు పక్కకు. ఏటా ఊరి ఆడవాళ్లతో బతుకమ్మ చుట్టూ వేసే అడుగులు. చేతులు కడుక్కోవడం ఎంత తెలుసో అమ్మకు అవీ అంతే తెలుసు.

చిన్నోడు వెనక కలిశాడు. వాడు తప్పు వేశాడు. పెద్దది మెట్ల దగ్గర కూర్చుని చూసింది. ముందే చెప్పాను కదా, తప్పు చూస్తే తట్టుకోలేదని.

"గట్ల కాదురా!" అని లేచి వచ్చి వాడి వెనక నిలబడింది. వంగి చప్పట్లు, లేచి చప్పట్లు. దాని ధ్యాసంతా చేతుల మీద ఉంది, తమ్ముడి తప్పు మీద ఉంది. కింద ఎడమ కాలు నేలమీద పూర్తిగా ఆని ఉంది. మడమ నుంచి వేళ్ల దాకా. మళ్లీ కుడి. మళ్లీ ఎడమ. పక్కకు అడుగేసేటప్పుడు ఒంటి బరువంతా దానిమీదే పడుతోంది, పిల్లకు తెలియకుండానే.

అరవబోయి నోరు మూసుకున్నాను. కానీ అమ్మకు అప్పటికే ఇంకో విషయం తట్టింది. ఠక్కున ఆగిపోయింది.

"అమ్మో, ఏం జేస్తున్న నేను? పెత్రమాస రానేలేదు, బతుకమ్మాటనా? నడి ఎండకాలంల? అరిష్టం!"

పెత్రమాస అంటే బతుకమ్మ మొదలయ్యే అమావాస్య. దానికింకా నెలలున్నాయి. అమ్మ చెంపలు వేసుకుంది. పెద్దది కూడా ఆగిపోయింది. ఆగిన వెంటనే ఎడమ కాలు మళ్లీ లేచింది.

మా అమ్మతో వాదించడానికి శాస్త్రం పనికిరాదు, సందు కావాలి.

"అమ్మా, పువ్వులున్నయా?"

"లెవ్వు."

"గౌరమ్మ ఉన్నదా?"

"లేదు."

"నడుమ ఏమున్నది?"

"ఆంటీ డ్రమ్ము."

"మరి గిది బతుకమ్మ ఎట్లైతది?"

అమ్మ ఆలోచించింది. "పాట పాడొద్దు మరి. పాట పాడితె బతుకమ్మే."

"పాడం."

"చప్పట్లో?"

"మొన్న దేశమంత డాబాలెక్కి చప్పట్లు కొట్టింది. గదేం పండుగ?"

అమ్మ కొంగు నడుముకు చెక్కుకుంది. వడియాల చాప చుట్టుకోవడానికి వచ్చిన ఓనరాంటీ మెట్ల మీద నిలబడి అంతా వింటోంది. "పాట లేకపోతే అడుగు ఎలా కలుస్తుందండీ? ఎక్కాలు చెప్పించండి, పిల్లలకు బడి కూడా లేదు" అంది. ఆవిడ భర్త ల్యాబులో ఎన్ని కనిపెట్టాడో నాకు తెలియదు, ఇది మాత్రం ఆవిడ కనిపెట్టిందే.

అలా మొదలైంది. "టూ వన్‌జా టూ" అంటూ వంగి చప్పట్లు, "టూ టూజా ఫోర్" అంటూ లేచి చప్పట్లు. అమ్మ ముందు, వెనక పెద్దది, దాని వెనక చిన్నోడు, చివర నేను. రెండు రోజులకు ఓనరాంటీ కూడా మోకాళ్ల నొప్పులకు మంచిదేమో చూద్దామని చేరింది. అడుగులన్నీ మా ఊరివి, ఎక్కాలు ఇంగ్లీషు మీడియంవి, ఏడో ఎక్కం దగ్గర అందరిదీ తడబాటే. పక్క డాబా మీంచి ఒకాయన, "అన్నా, ఇయ్యాల ఏం పండుగ?" అని అరిచాడు. "హోంవర్క్" అన్నాను.

ఒక్క చిక్కు వచ్చింది. మేం చూస్తే ఆగిపోతుంది. ఎవరైనా దాని కాలి వైపు చూశారని తెలిస్తే చాలు, దానికి కాలు గుర్తుకొచ్చి, పైకి లేచిపోతుంది. మా కుటుంబానికి చూడకుండా ఉండడం రాదు. అందుకని నియమం పెట్టాను: కాలి వైపు చూసినవాళ్లు ఔట్. అమ్మ మొదటి రోజు మూడు ఎక్కాలు కాకముందే ఔటైంది. ఆ తర్వాత డ్రమ్ము మీద చూపు నిలిపి, ప్రాణాయామం చేసేవాళ్లలా తిరిగేది. బావ డ్యూటీకి పోయే ముందు వచ్చి కలిసేవాడు. ఆయన అన్నిటికంటే ముందు ఔటయ్యేవాడు. వరసలోకి వచ్చి ఒక్కసారి చప్పట్లు కొట్టేసరికి చూపు కిందికి పోయేది.

"డాడీ ఔట్!" అని చిన్నోడు కేక వేసేవాడు.

"జర చూస్తే ఏమైతదిరా?" అంటూ పోయి పిట్టగోడ మీద కూర్చునేవాడు. అట్లా రోజూ కూర్చున్నాడు, కానీ ఒక్కరోజు కూడా రాకుండా ఉండలేదు.

పిల్లల తిండి కుదురుకుంది. జొన్న రొట్టె, పప్పు, ఏది పెడితే అది తిన్నారు. అన్నం తిన్నాక చిన్నోడు కంచం పక్కనే కూలబడి నిద్రపోయేవాడు, వాణ్ని మోసుకుపోవడమే కష్టం. పెద్దది పొద్దున్నే లేచి, తండ్రి పడుకున్నాడని మునివేళ్ల మీద హాలులో తిరగడం మొదలుపెట్టింది. మునివేళ్ల మీద, రెండు కాళ్లతో. నేను దినపత్రిక అడ్డం పెట్టుకుని చూశాను, ఔట్ కాలేదు.

బందులు సడలించి దవాఖానాలు మామూలుగా తెరిచాక ఉప్పల్ తీసుకెళ్లాం. బావ డ్యూటీ నుంచి నేరుగా వచ్చాడు, నిద్రపోకుండా, కళ్లు ఎర్రగా. డాక్టరమ్మ బయటి వరండాలో నడవమంది. మాస్కులు కట్టుకున్న జనం బెంచీల మీద దూరదూరంగా కూర్చుని ఉన్నారు. పెద్దది ఆ చివరిదాకా నడిచి, తిరిగి నడిచి వచ్చింది. డాక్టరమ్మ కాలు పట్టుకుని వంచి, నొక్కి, కొలిచి, "ఇంకొంచెం లావెక్కాలి, ఎక్కుతుంది. నడక బాగుంది. ఇక నా దగ్గరికి రానక్కర్లేదు" అంది.

నేను చేసింది చెబుదామని గొంతు సవరించుకున్నాను. అప్పటికే అమ్మ, నువ్వుల నూనెతో తాను ఎలా మర్దన చేసిందో డాక్టరమ్మకు వివరిస్తోంది. పోనీలే అనుకున్నాను. నూనె కూడా కష్టపడింది పాపం.

బయటకు వచ్చాం. బావ వరండాలో ఆగిపోయాడు.

"బిడ్డా, ఇంకొక్కసారి నడువు. ఊకెనే."

నడిచింది. వచ్చింది.

"ఇంకొక్కసారి."

"డాడీ! డాక్టర్ ఆంటీ ఒక్కసారే నడవమన్నది, నువ్వేంది?"

"గంతే బిడ్డా. ఇదే లాస్ట్."

పెద్దది విసుగ్గా మాస్కు సర్దుకుని తిరిగింది. వరండా చివరిదాకా పోయింది. అక్కడ ఆగలేదు, మెట్లు దిగింది, గేటు దాటి రోడ్డు పక్కన నీడలో నిలబడింది. మేం పిలిస్తే చెయ్యి ఊపింది గానీ వెనక్కి రాలేదు. మేమే వెళ్లవలసి వచ్చింది.